లాంబ్డాతో రెండు న్యూట్రాన్లు: బంధం ఎంతవరకు నిజం?

రెండు న్యూట్రాన్లు, స్ట్రేంజ్ క్వార్కు గల ఒక లాంబ్డా కణం కలిసిన కేంద్రకానికి సూచనలు లభించాయని 2013లో జర్మనీలోని జీఎస్ఐ పరిశోధనాలయానికి చెందిన హైప్‌హెచ్‌ఐ బృందం ప్రకటించింది. ట్రైటాన్, రుణ పయాన్ జంటల ద్రవ్యరాశి వర్ణపటంలోని శిఖరం అందుకు ఒక ఆధారం. ఈ నిర్ధారణ అంగీకారయోగ్యంగా తోచదు. హైపర్‌ట్రైటాన్‌లో డ్యూటెరాన్ తోడున్నప్పటికీ లాంబ్డా బంధనశక్తి మెగా ఎలక్ట్రాన్‌వోల్టులో అల్పభాగమే. రెండు న్యూట్రాన్లకు తమలో తమకే బంధం లేదు. 2014లో హియామా బృందం, గాల్, గార్సిలాజోల గణనలు దీనినే బలపరిచాయి. ఈ వ్యవస్థ బద్ధమయ్యేంతగా అన్యోన్యచర్యను పెంచితే, హైపర్‌ట్రైటాన్ బంధనశక్తి ప్రయోగ విలువను మించిపోతుంది. అనునాద స్థితికి అవకాశం లేకపోలేదు; కాని అనునాదం స్థిరత్వం కాదు. న్యూట్రాన్ తారల అంతర్భాగ నమూనాలు లాంబ్డా-న్యూట్రాన్ ఆకర్షణపై ఆధారపడతాయి గనుక, తెలిసిన కేంద్రకాలతో పొసగని శిఖరాన్ని ప్రమాణంగా స్వీకరించరాదు.