తెర వెలుగా, నీ నలుపుకు దండం

టీవీ తెర మీది వెలుగా, షోరూములో నిలబడి నిన్ను చూసేవాళ్లంతా నీ మెరుపునే పొగుడుతారు. నేను నీ నలుపుకు మొక్కుతాను.

పాత పిక్చర్ ట్యూబు టీవీని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఆపేసి ఉన్నప్పుడు పగటి వెలుతురులో దాని అద్దం బూడిద రంగు. తెర వెలుగును కలపగలదు కానీ, గదిలోంచి వచ్చి తన మీద పడ్డ వెలుగును తుడిచేయలేదు. అంటే ఆ వేళ అది చూపించగలిగిన కారునలుపు ఆ బూడిద రంగే. అయినా స్విచ్చి వేసి మాయాబజార్ పెడితే సావిత్రి వాలుజడ నల్లగా నిగనిగలాడేది! ఆమె చెంపల మీద నువ్వు పోసిన తెలుపు పక్కన, అదే బూడిదను మన కన్ను నలుపని నమ్మింది. ఎక్కడా లేని నలుపును తెలుపుతో పుట్టించావు. నువ్వు చేసిన పనుల్లో ఇంతకంటే గొప్పది నాకు తెలియదు.

1987లో ఆదివారం పొద్దున రామాయణం వస్తుందంటే ఎన్నో ఇళ్లలో ముందు కిటికీ రెక్కలు మూసేవాళ్లు. కర్టెన్ చాలకపోతే దుప్పటి కట్టేవాళ్లు. వెలుతురును లక్సుల్లో కొలిస్తే మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష దాకా ఉంటుంది. పొద్దుటి ఎండ అంత కాకపోయినా, సన్నటి చార ఒక్కటి రెక్కల సందులోంచి జారినా చాలు, అడవి మధ్యలో నడుస్తున్న రాముడి మీద తెల్లగా గీత పడేది. చెట్ల ఆకులన్నీ మాసిపోయేవి.

నిన్ను నిట్లలో కొలుస్తారు. చదరపు మీటరుకు ఒక క్యాండెలా అయితే ఒక నిట్. ఇప్పటి టీవీలు కొన్ని వెయ్యి నిట్లు దాటుతున్నాయి. సినిమా హాల్లో తెల్లటి తెరకు పెట్టుకున్న ప్రమాణం 48 నిట్లు మాత్రమే. ఆ కాస్త వెలుగుకే ఈలలు వేశాం, కాగితాలు ఎగరేశాం, ఎందుకంటే అక్కడ లైట్లు ఆర్పేస్తారు. చీకట్లో కంటిపాప విచ్చుకుంటుంది, దాని వెనక రెటీనా నెమ్మదిగా పదునెక్కుతుంది. ఆ పదును పూర్తిగా రావడానికి అరగంట దాకా పడుతుంది.

ఎల్‌సీడీ తెర వెనక బ్యాక్‌లైటు వెలుగుతూనే ఉంటుంది. ముందున్న పొర దాన్ని అడ్డుకుంటుంది కానీ పూర్తిగా అడ్డుకోలేదు. అందుకే గదిలో లైట్లన్నీ ఆర్పి చూస్తే అమావాస్య ఆకాశం కూడా పొగమంచు పట్టినట్టుంటుంది. ఓఎల్ఈడీలో ప్రతి పిక్సెలూ తనంతట తాను వెలిగి తానే ఆరుతుంది. అక్కడ నలుపంటే నువ్వు పూర్తిగా తప్పుకోవడమే.

2019 ఏప్రిల్‌లో గేమ్ ఆఫ్ థ్రోన్స్ సిరీస్‌లో రాత్రి యుద్ధం చూపిస్తే, ఏమీ కనబడలేదని చూసినవాళ్లు గొడవ పెట్టారు. దాన్ని తీసిన ఛాయాగ్రాహకుడు ఫేబియన్ వాగ్నర్, సినిమా హాల్లోలా చీకటి గదిలో చూడాలన్నాడు. ఆయన అడిగింది న్యాయమే. కానీ మన ఇళ్లలో హాలే భోజనాల గది, పిల్లలు హోంవర్కు చేసుకునే గది. ట్యూబులైటు ఆర్పేదెవరు? కనీసం టీవీకి ఎదురు గోడ మీదున్న దాన్ని మాత్రం ఆర్పండి. లేకపోతే అద్దంలో అది కథానాయకుడి నుదుటి మీద అడ్డంగా పడుకుంటుంది. బదులుగా టీవీ వెనక గోడ మీద పడేలా ఒక చిన్న తెల్ల దీపం పెట్టండి, 6500 కెల్విన్లది. కంటికి అలసట తగ్గుతుంది, నలుపు మరింత చిక్కబడుతుంది.

తెర వెలుగా, పగటిపూట క్రికెట్ మ్యాచికి నిండుగా రా. రెండో ఆట వేళకు సగం తగ్గి, పసిపాప నిద్ర చెడకుండా రా. అమ్మమ్మ సీరియల్ పెట్టుకున్నప్పుడు మాత్రం తగ్గకు. వయసుతో ఆమె కంటిపాప చిన్నబోయింది, లోపలి కటకం పసుపెక్కింది, మనకు చేరేంత వెలుగు ఆమె కంటి లోపలికి చేరదు. ఆ అరగంట షోరూములో వెలిగినంత ధాటిగా వెలుగు. రంగులు అతి అయితే అవనీ, సీరియల్లో అత్తగారి ముఖంలో కోపం ఎక్కడ మొదలైందో ఆమెకు కనబడాలి.