ఒకడైతే ఫిరాయింపు, పన్నెండు మందైతే విలీనం

పార్టీ ఫిరాయింపుల మీద తెలుగులో వ్యంగ్యరచనకు కొదవ లేదు. గోడ మీది పిల్లులు, ఊసరవెల్లులు, కప్పల తక్కెడలు మన మినీ కవితల్లోనూ కార్టూన్లలోనూ కోకొల్లలు. 1967లో హర్యానాలో గయాలాల్ పక్షం రోజుల్లో మూడుసార్లు పార్టీ మార్చిన నాటి నుంచీ దేశమంతటా ఈ వ్యంగ్యం సాగుతూనే ఉంది. అయితే అది వ్యక్తి అత్యాశను ఎగతాళి చేసి అక్కడే ఆగిపోతున్నదని నా అభియోగం. ఆ వ్యక్తికి దారి వేసిన చట్టాన్ని మన రచయితలు పట్టించుకోలేదు.

1985లో 52వ రాజ్యాంగ సవరణ పదవ షెడ్యూలును తెచ్చింది. ఒక్క సభ్యుడు పార్టీ వదిలితే సభ్యత్వం పోతుంది. మూడోవంతు మంది కలిసి వదిలితే అది 'చీలిక', సభ్యత్వానికి ఢోకా లేదు. 2003లో 91వ సవరణ చీలికను తొలగించింది గాని, మూడింట రెండు వంతుల 'విలీనాన్ని' అట్లాగే ఉంచింది. ఒంటరిగా దాటితే నేరం, గుంపుగా దాటితే హక్కు! తేల్చే అధికారం పాలకపక్షం బలంతో ఎన్నికయ్యే స్పీకరుదే.

మా బాన్సువాడ ఇందుకు మంచి పాఠం. పోచారం శ్రీనివాసరెడ్డి 2011లో తెలుగుదేశం వదిలినప్పుడు శాసనసభ్యత్వానికి రాజీనామా చేసి, ఉపఎన్నికలో ప్రజల తీర్పు కోరి గెలిచారు. 2019 జూన్‌లో స్పీకరుగా ఉండి, 18 మంది కాంగ్రెసు సభ్యుల్లో 12 మంది టీఆర్‌ఎస్‌లో విలీనమైనట్టు గుర్తించారు. 2024 జూన్‌లో బీఆర్‌ఎస్ టికెట్టు మీద గెలిచిన స్థానాన్ని వదలకుండానే కాంగ్రెసులో చేరుతున్నట్టు ప్రకటించారు.

ఫిరాయిస్తే సభ్యత్వం దానంతటదే రద్దయ్యేలా పదవ షెడ్యూలును సవరిస్తామని అదే కాంగ్రెసు రెండు నెలల ముందు ఎన్నికల ప్రణాళికలో రాసుకున్నది. 2019లో విలీనంతో లాభపడిన పార్టీ ఈసారి అనర్హత పిటిషన్లు పట్టుకుని కోర్టుకెక్కింది. మూడు నెలల్లో తేల్చమని 2025 జులై 31న సుప్రీంకోర్టు స్పీకరును ఆదేశించింది. ఈ అధికారం స్పీకరు చేతిలోనే ఉండాలా అన్నది పార్లమెంటు ఆలోచించాలన్నది. లాభం ఎటుంటే సంస్కరణ కోరిక దానికి ఎదుటి వైపున ఉంటుందన్నమాట.

ఈ మూడు ఘట్టాలను ఒక మనిషి చపలత్వంగా చూపితే కార్టూను అవుతుంది, కథ కాదు. కథకుడు అడగవలసిన ప్రశ్న వేరు: మనిషి అతడే, నియోజకవర్గం అదే, మరి 2011లో తప్పనిసరైన రాజీనామా 2024లో ఎందుకు అక్కరలేకపోయింది? నా సమాధానం ఇది. 2011లో వెనుక ఉద్యమం ఉంది. రాజీనామా చేయని నాయకుణ్ణి ఊళ్లోకి రానివ్వని జనం ఉన్నారు. 2024లో ఉన్నది చట్టం, అది ఇచ్చే వాయిదా. రాజకీయ నీతి నాయకుడి గుండెలో పుట్టదు. జనం నిలదీసినంత కాలమే నిలుస్తుంది.

జెండా మోసి, పక్కింటివాడితో మాటలు మానుకున్న కార్యకర్త ఒకడున్నాడు. తెల్లారేసరికి ఇద్దరి నాయకులూ ఒకే వేదిక మీద కనిపిస్తే వాడి గతేమిటి? నేను చదివినంతలో వాడి కథ ఎవరూ రాయలేదు. యువరచయితలు పిల్లుల్నీ ఊసరవెల్లుల్నీ కాసేపు వదిలి వాడి గుమ్మం ముందు కూర్చోవాలి.