లెక్కలోకి రాని సోదరుడు

దోస్తోయెవ్‌స్కీ మూర్ఛరోగి అన్న సంగతి సాహిత్య విద్యార్థులందరికీ తెలుసు. ఆ రోగం ప్రస్తావన వచ్చినప్పుడు నేను చదివిన వ్యాసాలన్నీ 1868-69 నాటి 'ఇడియట్' దగ్గరే ఆగిపోయాయి. ప్రిన్స్ మిష్కిన్‌కు మూర్ఛ వచ్చే ముందు క్షణంలో కలిగే వెలుగూ, ఆనందమూ - విమర్శకులు వాటి చుట్టూ ప్రదక్షిణలు చేస్తారు. అదే రచయిత పదేళ్ల తర్వాత, 1879-80లో, 'కరమజోవ్ సోదరులు'లో ఇంకొక మూర్ఛరోగిని సృష్టించాడు. వీడు ప్రిన్స్ కాదు, వంటవాడు. వీడికి ఏ వెలుగూ కనిపించదు.

ఆరేళ్ల వయసు నుంచి మూర్ఛతో బతికినవాణ్ణి. నాకూ ఏ వెలుగూ కనిపించలేదు. నోట్లో రక్తం రుచి, గుప్పిట్లో ఎవరో ఇరికించిన ఇనప తాళాల గుత్తి, చుట్టూ నిలబడ్డ కాళ్లు - తెలివొచ్చాక నాకు తెలిసేవి ఇవే. మూర్ఛ అందరికీ ఒకేలా రాదు, మిష్కిన్ అబద్ధమని నా వాదన కాదు. వెలుగు దొర వాటాకూ, పతనం నౌకరు వాటాకూ ఎందుకొచ్చాయన్నదే ప్రశ్న.

ఆ నవలలో సోదరులెందరంటే ముగ్గురని ఠక్కున చెప్తాం: ద్మిత్రీ, ఇవాన్, అల్యోషా. స్మెర్ద్యకోవ్ తల్లి మతిలేక ఊళ్లో తిరిగే లిజవేతా. ఫ్యోదర్ కరమజోవ్ పెరటి స్నానాలగదిలో వాణ్ణి కని చనిపోతుంది. తండ్రి ఫ్యోదరేనని ఊరంతా అనుకుంటుంది. ఇంటిపేరు మాత్రం దక్కలేదు. తల్లిని కంపుదని ఊరు పిలిచే మాట లోంచే వాడికో పేరు తీస్తాడు ఆ యజమాని. పెంచింది అప్పుడే తమ బిడ్డను పాతిపెట్టి వచ్చిన నౌకరు దంపతులు.

పన్నెండేళ్లప్పుడు వాడు ఒక ప్రశ్న వేస్తాడు. దేవుడు సూర్యుణ్ణి నాలుగోరోజున సృష్టిస్తే మొదటిరోజు వెలుతురు ఎక్కణ్ణుంచి వచ్చిందని. బైబిలు చెప్తున్న గ్రిగొరీ చెంప పగలగొడతాడు. వారం తిరక్కుండా తొలి మూర్ఛ. చెంపదెబ్బతో మూర్ఛరోగం రాదని ఏ డాక్టరైనా చెప్తాడు. అయినా రచయిత ఆ రెంటినీ పక్కపక్కనే పెట్టాడు. అంతవరకూ పిల్లవాణ్ణి పట్టించుకోని ఫ్యోదర్ ఆ వార్త విన్నాకే వైద్యుణ్ణి పిలిపిస్తాడు, కొట్టొద్దంటాడు. పడితేనే చూస్తారు - వాడు నేర్చుకున్న మొదటి పాఠం అది.

నేనూ నేర్చుకున్నాను. 1966లో, నాకు ఎనిమిదేళ్లప్పుడు, చెల్లెలు పుట్టింది. అంతవరకూ అమ్మ తన కొంగు నా మణికట్టుకు ముడివేసుకుని పడుకునేది, రాత్రి ఫిట్స్ వస్తే తెలియాలని. పురుడొచ్చాక నా చాప వసారాలోకి మారింది. "పిల్లని వాడి చేతికివ్వకండి, పడేస్తాడు" అని అమ్మమ్మ అందరికీ చెప్పింది. అది అన్యాయమైన మాటేమీ కాదు. నాకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. బారసాల నాడు పేరంటాళ్లు ఉయ్యాల పాట పాడుతుంటే నేను నేలమీద పడి కాళ్లూ చేతులూ కొట్టుకున్నాను. దొంగ ఫిట్టు. అమ్మ పిల్లని వదిలేసి పరుగెత్తుకొచ్చింది. కాసేపు అమ్మ నాదైంది. పది రోజుల తర్వాత నిజంది వచ్చినప్పుడు "నటిస్తున్నాడు, వాడివైపు చూడకండి" అంది అమ్మమ్మ. పడింది కుంపటి పక్కన. మోచేతి మీద మచ్చ ఇంకా ఉంది.

అందుకే హత్య జరిగిన రోజు స్మెర్ద్యకోవ్ నేలమాళిగ మెట్ల మీద నటించే మూర్ఛను ఉత్త కుటిలత్వమని చదవలేను. హంతకుణ్ణి వెనకేసుకురావటం లేదు. ఆ ఇంట్లో వాడికి తనదంటూ ఉన్న ఆస్తి ఆ రోగమొక్కటే. ఇంకొక సంగతి. 1878లో దోస్తోయెవ్‌స్కీ కొడుకు మూడేళ్లు నిండకుండానే మూర్ఛతో చనిపోయాడు. వాడి పేరు అల్యోషా. నవలలో ఆ పేరు పవిత్రుడైన సోదరుడికి పోయింది. కొడుకును చంపిన రోగం నౌకరుకు పోయింది. దుఃఖం కూడా వర్గభేదం పాటిస్తుందా?

మన దగ్గర ఇది చట్టంలోకే ఎక్కింది. 1976లో హిందూ వివాహ చట్టాన్ని సవరించి, ఉన్మాదంతో పాటు తరచు మూర్ఛ వచ్చేవాళ్లనూ పెళ్లికి పనికిరానివాళ్లను చేశారు. 1999లో గాని ఆ మాట తొలగించలేదు. చట్టం అన్నది రోగిని; సంబంధాలు చూసేవాళ్లు వంశాన్నే అన్నారు. 1988లో చెల్లెలి పెళ్లిచూపులకు నన్ను నాలుగు రోజులు మామయ్యగారి ఊరికి పంపేశారు. తోబుట్టువులెందరని పెళ్లికొడుకు తల్లి అడిగితే నాన్న దగ్గి ఊరుకున్నారట. చెల్లెలు తలెత్తి, "అన్నయ్య ఉన్నాడండీ. ఫిట్స్‌కి మందు వేసుకుంటాడు" అందిట. ఆ సంబంధం తప్పిపోయింది. నాన్న దానితో నెల్లాళ్లు మాట్లాడలేదు.

సోదరత్వం మీద రాసిన అంత పెద్ద నవలలో ఆ మాట అనే మనిషి కోసం వెతికాను. అల్యోషా స్మెర్ద్యకోవ్ ముందు నిలబడి ద్మిత్రీ అన్నయ్య ఎప్పుడొస్తాడని అడుగుతాడు. ఎదుటివాడూ అన్నయ్యేమోనన్న ఆలోచన ఆ సాధువుకు రాదు. చివరి అధ్యాయంలో, చనిపోయిన ఇల్యూషా పేరు మీద పిల్లలందర్నీ ఒక బండరాయి దగ్గర చేర్చి, మనవాళ్లను మరిచిపోకూడదని చెప్తాడు. స్మెర్ద్యకోవ్ ఉరిపోసుకుని అప్పటికి కొద్దిరోజులే అయింది. ఆ ప్రసంగంలో వాడి పేరు లేదు.