మేకు లేని బిగువు

అరచేతిలో ఇమిడే ఆరు చెక్క కడ్డీలు. మేకు లేదు, జిగురు లేదు. రెండేసి చొప్పున మూడు దిక్కుల నుంచి ఒకదాన్నొకటి కౌగిలించుకుని బిగుసుకుంటాయి. చైనావాళ్లు దీన్ని లూబాన్ తాళం అంటారు. రెండున్నర వేల ఏళ్ల కిందటి వడ్రంగి లూబాన్ తన కొడుకు తెలివిని పరీక్షించడానికి చేశాడని కథ.

నన్ను కట్టిపడేసేది ఆ పనితనమే. ఐదు కడ్డీలకు నడుమ గాళ్లు తొలిచి ఉంటాయి. ఆరోది చాలావాటిలో నున్నటి కడ్డీ, అదే తాళంచెవి. చివర్న దాన్ని మెల్లగా నెట్టగానే మొత్తం ఒక్క ముక్కైపోతుంది. గాడి వెంట్రుకవాసి పెరిగితే లొడలొడ, తగ్గితే కడ్డీ దూరనే దూరదు. ఉలి పట్టిన చేతికి అంత నిదానం కావాలి.

మేకులతో పనిలేని ఈ అతుకుల విద్యే కట్టడాలనూ నిలబెట్టింది. షాన్షీ రాష్ట్రంలో 1056లో కట్టిన యింగ్‌షియాన్ చెక్క గోపురం 67 మీటర్ల ఎత్తున నేటికీ నిలిచే ఉంది. మళ్లీ అరచేతిలోని తాళానికొస్తే, 2014లో అప్పటి చైనా ప్రధాని లీ కెచియాంగ్ జర్మనీ ఛాన్సలర్ మెర్కెల్‌కు లూబాన్ తాళాన్నే కానుకిచ్చారు.

ఇది పెద్దలకు ఓర్పు నేర్పే బొమ్మ. బలం చూపితే మొరాయిస్తుంది. వేళ్లతో తడిమి, కదిలే కడ్డీని కనిపెడితే తనే విచ్చుకుంటుంది.