కోట పడిపోతుందని తెలిసి ఆడే ఆట

మీ క్యాంపెయిన్‌లో కొత్తదనం ఏమిటని అడిగితే, గేమ్ నడిపేవాళ్లలో ఎక్కువమంది ముందు మ్యాపు తీస్తారు. రాజ్యాలు, దేవతలు, వేల ఏళ్ల చరిత్ర, వంశవృక్షాలు. అదంతా ఇష్టంగా, శ్రమపడి రాసుకున్నదే. కానీ టేబుల్ చుట్టూ కూర్చున్నవాళ్లకు అందులో పదో వంతు కూడా చేరదు. వాళ్లకు గుర్తుండిపోయేది వేరే ఉంటుంది. ఈ వారం మనం ఏం తేల్చుకోవాల్సి వచ్చింది? తేల్చుకున్నాక ఏం పోగొట్టుకున్నాం? ఒక క్యాంపెయిన్‌ను మరో క్యాంపెయిన్ నుంచి వేరు చేసేది ఈ రెండు ప్రశ్నలేనని నా గట్టి నమ్మకం.

ఈ ఆట ఎరగనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. నలుగురైదుగురు ఒకచోట కూర్చుంటారు. అందులో ఒకరు కథాలోకాన్ని నడుపుతారు, వాళ్లను డీఎం అంటాం. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని, ‘నేనైతే ఇలా చేస్తాను’ అని చెబుతూ పోతారు. అవుతుందో కాదో తేలని చోట పాచిక వేస్తారు. ఒక్క పూటలో అయిపోయేది వన్‌షాట్. అవే పాత్రలతో నెలల తరబడి సాగేది క్యాంపెయిన్. హైదరాబాద్‌లోని కొండాపూర్, మాదాపూర్, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లలో వారాంతం సాయంత్రాలు భోజనాల బల్ల మీద లాప్‌టాప్‌లు పక్కకు జరిపి ఆడేది ఇదే.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అచ్చువేసిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ)తో ఈ ఆట లోకానికి తెలిసింది. విత్తనం అంతకు ఐదేళ్ల ముందే పడింది. 1969లో అమెరికాలోని మినెసోటాలో డేవిడ్ వెస్లీ అనే యువకుడు నెపోలియన్ కాలపు యుద్ధక్రీడ నడుపుతూ, ఒక్కొక్కరికి సైన్యాన్ని అప్పగించే బదులు ఒక్కొక్క మనిషిని అప్పగించాడు. చిన్న జర్మన్ పట్టణంలో ఒకరు మేయర్, ఒకరు బ్యాంకర్, ఒకరు విశ్వవిద్యాలయ చాన్సలర్. ఎవరి అవసరం వాళ్లది, ఎవరి రహస్యం వాళ్లది. ఆ బృందంలో ఆడిన ఆర్నెసన్ 1971లో తన బ్లాక్‌మూర్ క్యాంపెయిన్ మొదలుపెట్టాడు. అంటే ఈ ఆట పుట్టుకలోనే ఉన్నది రాక్షసులు కాదు, ‘నువ్వెవరు, నీకేం కావాలి’ అనే ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు మారితే ఆటే మారిపోతుంది. తొలినాటి డీ అండ్ డీలో రాక్షసుణ్ణి చంపినందుకు వచ్చే పాయింట్ల కంటే బంగారం బయటికి తెచ్చినందుకు వచ్చేవి చాలా ఎక్కువ. కాబట్టి తెలివైన ఆటగాళ్లు కత్తి దూసే ముందు దొంగదారి వెతికేవాళ్లు. 1981లో వచ్చిన కాల్ ఆఫ్ క్తులులో నిజం తెలిసేకొద్దీ పాత్ర మతిస్థిమితం తరిగిపోతుంది. 1985 నాటి పెన్‌డ్రాగన్‌లో ఏడాదికి ఒక సాహసం చొప్పున కాలం పరుగెడుతుంది. వీరుడు ముసలివాడై పోతాడు, అతని బిడ్డ కత్తి అందుకుంటాడు. మూడింటిలోనూ ఉన్నవి పాచికలూ కాగితాలూ పెన్సిళ్లే. ఆడి లేచినప్పటి అనుభూతులకు మాత్రం ఒకదానితో ఒకటి పొంతన ఉండదు.

మన నేల కథలకు ఈ ఆటలో చోటు దొరకడం ఇప్పుడిప్పుడే మొదలైంది. 2022లో వచ్చిన రేడియంట్ సిటడెల్ అనే డీ అండ్ డీ సాహసాల పుస్తకంలో కోల్‌కతాకు చెందిన రచయిత్రి మిమీ మండల్ బెంగాల్ ఛాయలున్న సాహసం ఒకటి రాశారు. అది చదివాక, నా కిటికీలోంచి కనిపించే రాళ్ల మీద, నీళ్ల మీద కథ ఎందుకు ఆడకూడదనిపించింది.

అలా పుట్టిందే ఇప్పుడు మేం ఆడుతున్న క్యాంపెయిన్. కాలం 1687. ఔరంగజేబు సైన్యం గోల్కొండను చుట్టుముట్టింది. ఇవాళ కేబుల్ బ్రిడ్జి కింద దీపాల రంగులు పులుముకునే దుర్గం చెరువు, కుతుబ్‌షాహీల కాలంలో కోటకు మంచినీళ్లిచ్చిన చెరువు. మా పాత్రలు సేనానులు కాదు. చెరువు నీళ్లు కోటలోకి పారేలా చూసే మనుషులు. ఒకరు నీరటి, ఒకరు మట్టిగొట్టాలు చేసే కుమ్మరి, ఒకరు తోలుతిత్తితో నీళ్లు మోసే భిస్తీ. ఈ మనుషులూ ఈ పనులూ మా ఊహ. ముట్టడి మాత్రం చరిత్ర.

చరిత్ర గనుక, చివర ఏమవుతుందో మొదటి రోజే అందరికీ తెలుసు. ఎనిమిది నెలల ముట్టడి తర్వాత, సెప్టెంబరులో ఒక రాత్రి, లంచం తిన్న అధికారి ఒకడు తలుపు తీస్తాడు. గోల్కొండ సేనాని అబ్దుల్ రజాక్ లారీ ఒళ్లంతా గాయాలతో పోరాడతాడు. కుతుబ్‌షాహీ సుల్తాను తానాషాను బందీగా దౌలతాబాదుకు తీసుకుపోతారు. దీన్ని పాచిక మార్చదు. ‘ముగింపు తెలిసిపోతే ఆడటానికి ఏముంటుంది’ అని మొదట్లో ఒకరు అడిగారు. గెలుపు అనేది పక్కకు తొలగిపోయాకే అసలైన ఆట కనిపించింది. ఈ వారం సగం నీళ్లే వచ్చాయి. బురుజుల మీద ఫిరంగులు చల్లార్చడానికి ఇద్దామా, గాయపడ్డవాళ్లకిద్దామా, గోడ వారన గుడిసెల్లోని పిల్లలకిద్దామా?

ఒక సాయంత్రం పాచిక ఒక్కసారి కూడా పడలేదు. కోట బయట గొట్టం ఒకచోట పగిలి కారుతోంది. ఆ కారే నీళ్లే తాగి ఒక చిన్న వాడ బతుకుతోంది. పగులు పూడిస్తే కోటకు నీళ్లు పెరుగుతాయి. కుమ్మరి పాత్ర చెల్లెలు ఉండేది ఆ వాడలోనే. రాత్రి పొద్దుపోయేదాకా వాదించుకున్నాం. అటువంటి సాయంత్రాన్ని ఏ మ్యాపూ ఇవ్వలేదు.

ఇంకొకటి, కాలం. లెక్క కట్టి కాలాన్ని నడపని క్యాంపెయిన్‌కు అర్థమే లేదని గైగాక్స్ 1979లోనే తెగేసి చెప్పాడు. మా టేబుల్ మీద సెషన్‌కొక వారం చొప్పున ముట్టడి కదులుతుంది. మనం ఏమీ చేయకపోయినా మొఘలులు సొరంగం తవ్వుతూనే ఉంటారు. వాన పడుతుంది, వాళ్ల శిబిరంలోనూ ఆకలి పెరుగుతుంది. మనం చూడనప్పుడు కూడా కదిలే లోకమే నిజమైన లోకంగా తోస్తుంది.

ఐటీ కారిడార్‌లో ఆడేవాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. ఒకరికి రాత్రి షిఫ్టు, ఒకరికి సాఫ్ట్‌వేర్ రిలీజ్, ఒకరికి అమెరికా కాల్. అందరూ కుదిరే రోజు కోసం కాచుకుంటే క్యాంపెయిన్ చచ్చిపోతుంది. బెన్ రాబిన్స్ అనే అమెరికన్ తన వెస్ట్ మార్చెస్ క్యాంపెయిన్‌తో దీనికి దారి చూపించాడు. స్థిరమైన జట్టు ఉండదు. ఎవరు వస్తే వాళ్లే ఆ రోజు జట్టు. ప్రతి సెషనూ ఊళ్లో మొదలై ఊళ్లోనే ముగుస్తుంది. మేం దాన్ని కోటకు తెచ్చుకున్నాం. రాలేకపోయినవాళ్ల పాత్ర ఆ వారం తూము దగ్గర కాపలా ఉంటుంది. తిరిగి వచ్చినప్పుడు, మిగతావాళ్లు చేసిన పనిని కాపలా నుంచి దిగిన మనిషిలాగే విని తెలుసుకుంటుంది. రాకపోవడం కూడా కథలో భాగమైంది.

తెలుగులో ఆడుతున్నాం గనుక ఇంకో అందం దొరికింది. పాత్ర నోరు తెరిచిన క్షణంలోనే ఎదుటివాళ్లను ఎలా పిలవాలో తేల్చుకోవాలి. కోట అధికారి కిల్లేదారును ‘మీరు’ అంటూ వచ్చిన భిస్తీ ఒక సాయంత్రం ‘నువ్వు’ అన్నాడు. టేబుల్ చుట్టూ అందరం నిటారుగా కూర్చున్నాం. ఆ తెగింపుకు పాచిక అక్కర్లేదు.

ఇలాంటి రక్తి మన అవధానాల్లో ఉంది. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అక్షరం అక్షరానికీ అడ్డుపడుతుంటే, ఆ అడ్డంకుల మధ్య నుంచే పద్యం నడుస్తుంది. ఆ సభలో తప్ప ఆ పద్యం ఇంకెక్కడా పుట్టదు. క్యాంపెయిన్‌కు కూడా నిషేధం కావాలి. ఏదైనా చేయొచ్చు అన్న ఆటలో ఏం చేసినా ఒకటే. మనకు సైన్యం లేదు, కోట నిలవదు, నీళ్లు చాలవు అన్నప్పుడే ప్రతి మాటకూ బరువు వస్తుంది.

కొత్తగా క్యాంపెయిన్ మొదలుపెట్టేవాళ్లు మ్యాపు గీయకముందే ఆడేవాళ్లందరితో కూర్చుని మూడు సంగతులు తేల్చుకోవాలి. మనం ఎవరం? మన చేతిలో లేనిది ఏది? మనం ఊరుకుంటే ఏం జరుగుతుంది? ఈ మూడింటికీ అందరూ ఒప్పుకున్న జవాబులుంటే ఏ నియమాల పుస్తకంతోనైనా ఆడొచ్చు. ఆఫీసులో రోజంతా ఎవరో రాసిచ్చిన పనుల టికెట్లు మూసే మనుషులం మనం. మన నిర్ణయానికి ఫలితం ఎదురుగా నిలబడి, పేరు పెట్టి పిలిచే చోటు వారానికి ఒక్క సాయంత్రమైనా ఉండాలి. అది మన చుట్టూ ఉన్న రాళ్ల మధ్య, మన భాషలో జరిగితే ఇంకా మంచిది.