కూడి యోచించు విద్య

మదనపల్లె పేరు చెప్పగనే నలుమూలలవారికిని టమాటా మండి స్ఫురించుట మా ప్రాంతపు రైతుల కష్టమునకు దక్కిన గౌరవమే. అయినను ఆ యూరనే 1895 మే నెలలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిగారు, లండను నగరమునందలి భౌతికశాస్త్రాచార్యులైన డేవిడ్ బోమ్‌గారితో కూడి ఇరువది సంవత్సరములకు పైగా సాగించిన తత్త్వవిచారణమును గూర్చి, నిమ్మనపల్లె మొదలు కుప్పము వరకు చదువుకొన్నవారైనను ఒక్క మాట యెత్తకుండుట నాకు మిక్కిలి మనస్తాపము కలిగించుచున్నది. పెరటి చెట్టు మందునకు పనికిరాదన్న సామెత మనయెడ ఇంతగా నిజము కావలసినది కాదు.

ఆ విచారణమునకు దాపున నున్న దర్శనమొకటి కలదు. లోకమున సిద్ధముగా నున్న వస్తువులు లేవు, జరుగుచున్న వ్యాపారములే కలవు. స్థిరమని తోచునదెల్ల ఒకానొక చలనము కొంతకాలము ధరించిన ఆకారమే యనునది ప్రక్రియాతత్త్వము. వానకాలమున నిండిన చెరువు తూమునొద్ద తిరుగు సుడికి రూపమున్నది, చోటున్నది, వ్రేలితో చూపి అదిగో యనవచ్చును. కాని నీటినుండి దానిని విడదీసి యింటికి గొనిపోవుట యెవ్వరి తరము? సుడిని గూర్చిన యీ యుపమానము బోమ్‌గారికి మిక్కిలి ప్రియమైనది. మన బౌద్ధులు క్షణికవాదమున, నాగార్జునాచార్యులు నిస్స్వభావవాదమున ఈ దారినే త్రొక్కిరి. పశ్చిమమున ఆల్ఫ్రెడ్ నార్త్ వైట్‌హెడ్ ఎడింబరోలో 1927-28లో గావించిన గిఫర్డ్ ఉపన్యాసములను విస్తరించి ‘ప్రాసెస్ అండ్ రియాలిటీ’ అను గ్రంథముగా 1929లో వెలువరించెను. ఆ సంవత్సరముననే ఆగస్టు 3వ తేదీన, హాలండు దేశమునందలి ఓమెనులో, కృష్ణమూర్తిగారు తమ్ము జగద్గురువుగా నిలుపుటకై ఏర్పడిన నక్షత్రసంఘమును తామే రద్దుచేసిరి. 1909లో అడయారు సముద్రతీరమున దివ్యజ్ఞానసమాజమువాడైన లెడ్‌బీటరు బాలుడైన కృష్ణమూర్తిగారి తేజస్సును గాంచెనను కథ అందరెరిగినదే. నాకు దానియందు ఆసక్తి తక్కువ. వేలాది జనము తమ కొరకు కట్టిపెట్టిన పీఠమును ముప్పదినాలుగేండ్ల వయస్సున ఒక్క ప్రసంగముతో విడిచిన సాహసమే నాకు ముఖ్యము.

ఇక బోమ్‌గారిని గూర్చి యెంత చెప్పినను తనివి తీరదు. 1917లో పెన్సిల్వేనియాలోని విల్క్స్‌బారీలో జన్మించి, ఓపెన్‌హైమరునకు శిష్యులై, బర్క్‌లీలో ప్లాస్మాను పరిశోధించుచు, ఎలెక్ట్రానులు వేర్వేరు రేణువులుగా గాక ఒకే సమష్టిలోని అంగములవలె వర్తించుటను గాంచి విస్మితులైరి. 1949లో అమెరికా శాసనసభాసంఘమునెదుట సాక్ష్యమిచ్చుటకు నిరాకరించినందున నేరారోపణకు గురియై, న్యాయస్థానమున నిర్దోషులుగా తేలినను, ప్రిన్స్‌టనులో కొలువు కోల్పోయి, బ్రెజిలు, ఇస్రాయేలు దేశముల మీదుగా ఇంగ్లండు చేరిరి. అంతటి యలజడిలో, 1952లో, క్వాంటం సిద్ధాంతమునకు కార్యకారణబద్ధమైన వ్యాఖ్యానము అసాధ్యమని మహాగణితవేత్తలు తీర్పుచెప్పియున్న కాలమున, ఆ యసాధ్యమును రెండు పత్రములలో చేసి చూపిరి. ఆ పత్రములను చదివి మేల్కాంచిన జాన్ బెల్ 1964లో తన సిద్ధాంతమును ప్రతిపాదించెను. దానిని ప్రయోగములతో పరీక్షించినవారికి 2022లో నోబెలు బహుమానము లభించినది. ఆ వంశవృక్షపు వేరునొద్ద ఎవరి పేరున్నదో మన విద్యార్థులకు చెప్పువారేరి? 1959లో శిష్యుడైన యాకిర్ అహరొనోవ్‌తో కలిసి, అయస్కాంతక్షేత్రము సోకని దారిని పోవు ఎలెక్ట్రాను సైతము ఆ క్షేత్రమును మూసియుంచిన చోటువలన ప్రభావితమగునని నిరూపించిరి. జపానులో తొనొమురా 1986లో దానిని సందేహమునకు తావులేని ప్రయోగముతో స్థిరపరచెను.

బ్రిస్టలులో నున్నప్పుడు బోమ్‌గారి భార్య సారల్ గ్రంథాలయమున ‘ది ఫస్ట్ అండ్ లాస్ట్ ఫ్రీడం’ అను కృష్ణమూర్తిగారి పుస్తకము తీసి, అందు ద్రష్టకును దృశ్యమునకును భేదము లేదన్న ప్రస్తావనను భర్తకు చూపినదట. క్వాంటం ప్రయోగములయందు పరిశీలకుని విడదీయరాని చిక్కుతో పెనగులాడుచున్న ఆయనకు ఆ మాట సూటిగా తగిలినది. 1961లో లండనులో ఇరువురును కలిసిరి. తరువాత ఇంగ్లండులోని బ్రాక్‌వుడ్ పార్కులోను, కాలిఫోర్నియాలోని ఓహాయ్‌లోను సాగిన సంవాదములే నేడు మనకు మిగిలిన నిధి.

ఈ సంవాదవిద్యయందలి మెలకువలు సామాన్యములు కావు. మొదటిది, సమాధానమును చేతబట్టుకొని ప్రశ్నను అడుగకుండుట. 1980 ఏప్రిలులో ఓహాయ్‌లో కృష్ణమూర్తిగారు మానవజాతి యెక్కడనో దారి తప్పినదా యని మొదలిడిరి. బోమ్‌గారు ఔననలేదు, కాదనలేదు. అయిదారు వేల యేండ్ల క్రిందట మనుష్యులు దోచుకొనుటకును బానిసలను పట్టుటకును నేర్చిరని తాము చదివిన సంగతిని ముందుంచిరి. కృష్ణమూర్తిగారు ఆ చరిత్రను త్రోసివేయక, దానివద్ద నిలిచిపోక, దోపిడికి పూర్వము మనస్సులో నేమి జరిగినదను వైపునకు త్రిప్పిరి. అట్లు అడుగులు వేయగా వేయగా, నేనిప్పుడిది, రేపు మరియొకటి కావలెనను కోరికయే లోపలి సంఘర్షణకు మూలమను చోటికి ఇరువురును చేరిరి. రెండవ మెలకువ బోమ్‌గారి సొత్తు. కృష్ణమూర్తిగారి వాక్యములు లంఘించును. బోమ్‌గారు లంఘింపనీయక, సవినయముగా నాపి, చెప్పినదానిని తమ మాటలలో మరల చెప్పి, మూడవవాడు వేయదగిన ఆక్షేపణను తామే వేయుదురు. ఇది చూచినదా, ఊహించినదా యని తేల్చక ముందుకు సాగరు. మూడవది ఇరువురిదియు: పొరపాటని తోచినంతనే తన మాటను తానే వదలివేయుట. అరువది దాటిన యాచార్యుడొకడు తన వాక్యమును క్షణములో విడిచి నవ్వుచు కొత్త త్రోవ పట్టుట విన్నప్పుడెల్ల నా యొడలు పులకరించును. 1980 సెప్టెంబరు వరకు సాగిన ఆ గోష్ఠులలో పదమూడు ‘ది ఎండింగ్ ఆఫ్ టైం’ పేర 1985లో అచ్చుపడినవి.

బోమ్‌గారు ఉపమానముగా గైకొన్న మరియొక యద్భుతము గాజుపాత్రల ప్రయోగము. ఒకదానిలో నొకటి యమర్చిన రెండు గాజుగొట్టముల నడుమ గ్లిసరిను పోసి, అందొక సిరాబొట్టు వేసి, గొట్టమును మెల్లగా త్రిప్పినచో బొట్టు దారమువలె సాగి సాగి యదృశ్యమగును. వెనుకకు త్రిప్పినచో ఆ బొట్టే మరల కూడుకొని ప్రత్యక్షమగును. చెదరినదని మనమనుకొన్నప్పుడు సైతము అమరిక నశింపక లోన ముడుచుకొనియే యున్నది. దీనినాధారముగా వారు 1980లో ‘హోల్‌నెస్ అండ్ ది ఇంప్లికేట్ ఆర్డర్’ అను గ్రంథమున, విశ్వమంతయు ముడుచుకొనుట విచ్చుకొనుట యను నొకే మహాచలనమని వివరించిరి. బర్క్‌బెక్ కళాశాలలో వారికి తోడైన బాసిల్ హైలీ, స్థలకాలములను ముందుగా పరచియుంచక, వ్యాపారమే మొదటిదని గ్రహించి, బీజగణితమునుండి స్థలకాలములను పుట్టించుటకు జీవితమంతయు శ్రమించెను. కృష్ణమూర్తిగారి సాంగత్యమువలన బోమ్‌గారి భౌతికశాస్త్రము చెడినదని కొందరు పండితులు నేటికిని గొణుగుదురు. 1990లో రాయల్ సొసైటీ సభ్యత్వము పొంది, 1992లో కన్నుమూయునాటికి హైలీతో కూడి ‘ది అన్‌డివైడెడ్ యూనివర్స్’ వ్రాయుచుండిన మనిషిని గూర్చియా ఈ మాట!

కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంటులో జాన్ కాబ్, డేవిడ్ రే గ్రిఫిన్ కలిసి 1973లో స్థాపించిన ప్రక్రియాధ్యయన కేంద్రము వైట్‌హెడ్ మార్గీయులకు గురుకులము వంటిది. వారు బోమ్‌గారిని, రసాయనశాస్త్రజ్ఞుడైన ఇల్యా ప్రిగోజినును సభకు పిలిచి కాలమును గూర్చి వాదించిరి. ఆ వ్యాసములను గ్రిఫిన్ 1986లో గ్రంథముగా కూర్చెను. కాలమే పరమసత్యమని వైట్‌హెడ్ పక్షమువారు, కాలము సైతము కాలాతీతమైన దానినుండి విచ్చుకొనునదే యని బోమ్‌గారు. నేను బోమ్‌గారి పక్షమువాడను, దాచుకొనుట యెందులకు? వెలుపలి ప్రకృతిలో విత్తు చెట్టగుటకు కాలము కావలయును గాని, కోపిష్ఠి శాంతుడగుదునని వాయిదా వేయుట మనస్సు కల్పించిన నాటకమే యని ఓహాయ్‌లో తేల్చినవారిలో ఆయన యొకరు.

ఇంతటి విద్యకు నేడు పట్టిన గతి చూడుడు! సమీకరణముల ముఖమెరుగని వారు క్వాంటం ధ్యానమని, క్వాంటం చికిత్సయని కరపత్రములు పంచి, వాటిపై బోమ్‌గారి బొమ్మ వేసి రుసుములు వసూలు చేయుచున్నారు. కృష్ణమూర్తిగారి నిదానమును, మాటల నడుమ మౌనమును అనుకరించి, ప్రశ్నోత్తరములని పేరుపెట్టి, ముందుగా సిద్ధపరచిన యుపదేశములను వల్లించువారు మరికొందరు. ద్రష్టయే దృశ్యమను మాట సైతము మంత్రమైపోయినది. గురువునే నిరాకరించిన మనిషికి మంత్రోపదేశకులు పుట్టుటకంటె నన్యాయమున్నదా? ఇక టెలివిజనులో చర్చలన్న పేర జరుగునది, ఒకరి మాట యొకరు వినకుండుటకై చేయు శబ్దము మాత్రమే. బోమ్‌గారు తమ చివరి దశలో ఇరువదినుండి నలువదిమంది వరకు వలయముగా కూర్చుండి, ముందుగా విషయము నిర్ణయించుకొనక, తమ తమ నిశ్చయములను అణచుకొనక, ఆచరింపక, నలుగురి యెదుట ఉంచి చూచుకొనెడి గోష్ఠులను నడపిరి. ఎంత సులువుగా వినబడునో చేయుట యంత కఠినము.

మనకు సాధనసంపత్తి లేదందునా? తెట్టు గ్రామమునకు దాపున కృష్ణమూర్తిగారి ఋషివ్యాలీ పాఠశాల యున్నది. దాని బాధ్యతలు వహించిన రాధికా హెర్జ్‌బెర్గర్ భర్తృహరిని బౌద్ధులను గూర్చి 1986లో పాండిత్యగ్రంథము ప్రకటించినవారు. పద్మనాభరావు, రమ దంపతులు ఆ లోయచుట్టునున్న పల్లెబడులలో ప్రతి శిశువును తన వేగమున మెట్టుమెట్టుగా నేర్చుకొనునట్లు చేసిరి. చదువును వస్తువుగా గాక గమనముగా జూచుట యనగా నిదియే. 1915లో వెలసి, 1919లో రవీంద్రుని జనగణమనకు ఆంగ్లరూపమును చూచిన దివ్యజ్ఞాన కళాశాల మదనపల్లెలోనే యున్నది. కుప్పమున 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము నెలకొన్నది. నా విన్నప మొక్కటే: ఈ సంస్థలలో నేదో యొకటి నెలకొకమారు ఇరువదిమందిని వలయముగా కూర్చుండబెట్టి, 1980 నాటి మొదటి ప్రశ్ననే తెలుగున వేసి, ఉపన్యాసకుని గాని అధ్యక్షుని గాని నియమింపక, మాటలన్నియు వ్రాయించి అచ్చు వేయించవలెను, భౌతికశాస్త్రాధ్యాపకులు హైలీ బీజగణితమును, సంస్కృతాధ్యాపకులు నాగార్జునుని తెచ్చి ఆ వలయమున నుంచవలెను. ఎవరు పూనుకొన్నను, నిమ్మనపల్లెనుండి తొలి బస్సులో వచ్చి కూర్చుండువారిలో నేనొకడను. రాకపోకల కర్చులు అడుగను.