తెరిచి చూసిన కాపీయే కాపీ

మా బంధువుల్లో ఎవరి ఫోన్ పాడైనా ముందు కబురు నాకే వస్తుంది. నీళ్లలో పడిందనో, బస్సులో పోయిందనో చెప్పి, వెంటనే ధైర్యం కూడా వాళ్లే చెప్పుకుంటారు: "ఫొటోలన్నీ గూగుల్‌లో ఉంటాయిలే బాబాయ్." "ఉన్నాయో లేదో ఎప్పుడైనా తీసి చూశావా అమ్మా?" అని అడుగుతాను. చూసినవాళ్లు చాలా అరుదు.

కొత్త ఫోన్‌లో అకౌంట్ తెరిచాక అసలు సంగతి బయటపడుతుంది. ఉచితంగా వచ్చే 15 జీబీ ఎప్పుడో నిండిపోయి, బ్యాకప్ అక్కడితో ఆగిపోయి ఉంటుంది. 2021 జూన్ 1 నుంచి ఎక్కించే ప్రతి ఫొటో ఆ 15 జీబీ లెక్కలోకే వస్తోంది. మెయిళ్లకూ, డ్రైవ్‌లోని ఫైళ్లకూ, ఫొటోలకూ కలిపి ఉన్న చోటు అదొక్కటే. పైగా మామూలుగా కెమెరాతో తీసినవే పైకి వెళ్తాయి. వాట్సాప్‌లో వచ్చినవి వెళ్లాలంటే ఆ ఫోల్డర్‌ను మనమే సెట్టింగ్స్‌లో ఆన్ చేయాలి. పెద్దత్తయ్య పంపిన తాతగారి పాత ఫొటో సాధారణంగా అలా వాట్సాప్‌లో వచ్చిందే అయి ఉంటుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఫోన్‌కూ క్లౌడ్‌కూ ముడి ఉన్నప్పుడు ఇక్కడ తుడిస్తే అక్కడా పోతుంది. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయిన ఫొటోను పొరపాటున డిలీట్ చేస్తే 60 రోజులు ట్రాష్‌లో ఉంటుంది, ఆ తర్వాత మళ్లీ దొరకదు. పసిపిల్లల చేతికి ఫోన్ ఇచ్చే ఇళ్లలో ఇది గట్టిగా గుర్తుంచుకోవాలి. క్లౌడ్ వద్దని అనడం లేదు. నేను డబ్బు కట్టి వాడుతున్నాను, మా వాళ్లచేత కూడా కట్టిస్తున్నాను. కానీ అదొక్కటే ఆధారమైతే మాత్రం నాకు నిద్ర పట్టదు.

పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ 2005లో డిజిటల్ ఫొటోల నిర్వహణ మీద ఒక పుస్తకం రాశారు. ఫొటోలు భద్రపరచుకునేవాళ్లు ఈనాటికీ చెప్పే 3-2-1 సూత్రం ఆయన వల్లే ప్రచారంలోకి వచ్చింది. మూడు కాపీలు ఉండాలి, అవి రెండు రకాల సాధనాల మీద ఉండాలి, ఒకటి ఇంటి బయట ఉండాలి. మొదటి రెండూ ఎవరికైనా చప్పున ఎక్కుతాయి. మూడోదానికి మాత్రం "అంత అవసరమా?" అంటారు.

అవసరమే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లలో నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. కట్టుబట్టలతో బయటపడ్డవాళ్లకు బీరువా తెరిచే వ్యవధి ఎక్కడుంటుంది? ల్యాప్‌టాప్, హార్డ్‌డిస్క్, ఆల్బమ్ మూడూ ఒకే ఇంట్లో ఉంటే వరద దృష్టిలో అవి మూడు కాపీలు కావు, ఒక్కటే. డ్రైవింగ్ లైసెన్స్, ఆర్‌సీ లాంటివి పోయినా డిజిలాకర్‌లో మళ్లీ తెచ్చుకోవచ్చు. నానమ్మ ఫొటోను ఏ ఆఫీసూ తిరిగి ఇవ్వదు. అందుకే మా ఇంటి డిస్క్ ఒకటి వేరే ఊళ్లో చెల్లెలి దగ్గర ఉంటుంది, తనది మా దగ్గర ఉంటుంది. పండక్కి కలిసినప్పుడు మార్చుకుంటాం.

1998లో పిక్సార్ సంస్థలో 'టాయ్ స్టోరీ 2' తయారవుతుండగా ఎవరో పొరపాటున ఇచ్చిన ఒక్క కమాండ్‌తో సినిమా ఫైళ్లు చాలావరకు చెరిగిపోయాయి. బ్యాకప్ టేపులున్నాయి కదా అని వాటిని ఆశ్రయిస్తే, ఆ బ్యాకప్ సరిగా పనిచేయడం లేదని అప్పుడు తెలిసింది. పసిబిడ్డ తల్లిగా ఇంటి నుంచి పనిచేస్తున్న గేలిన్ సస్మన్ దగ్గర ఒక కాపీ ఉండబట్టి సినిమా దక్కింది. ఊరికో కాపీ ఎందుకని అడిగేవాళ్లకు నేను ఈ సంగతే చెబుతాను. అంతకంటే ముఖ్యంగా చెప్పేది టేపుల సంగతి. అంత పెద్ద సంస్థలో కూడా బ్యాకప్ పనిచేస్తోందో లేదో ఎవరూ తీసి చూడలేదు.

అందుకే నా దృష్టిలో అసలు పని కాపీ కొట్టడంతో ముగియదు. డిస్క్ లైటు మెరవడం ఆగిందని వైరు పీకేయను. ల్యాప్‌టాప్‌లోని ఫోల్డర్ మీదా, డిస్క్‌లోని ఫోల్డర్ మీదా రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూస్తాను. రెండు చోట్లా ఫైళ్ల సంఖ్య, సైజు సరిపోవాలి. తర్వాత డిస్క్‌లోంచే ఒక పెద్ద వీడియో తెరిచి మధ్యలోకి, చివరికి జరిపి చూస్తాను. పాడైన వీడియో మొదట్లో బాగానే ఆడి మధ్యలో బిగుసుకుపోతుంది. ఫోల్డర్ పేరు ముందు సంవత్సరం, తర్వాత నెల, రోజు, ఆపైన సందర్భం రాస్తాను: '2019-05-12 గృహప్రవేశం'. అలా రాస్తే ఏళ్లన్నీ వాటంతటవే వరసలో నిలబడతాయి. వెతకబోతే దొరకని ఫొటో ఉన్నా లేనట్టే. పని కాగానే డిస్క్ విడదీసి పక్కన పెడతాను. డబ్బు కోసం ఫైళ్లకు తాళం వేసే రాన్సమ్‌వేర్ కంప్యూటర్‌లో దూరితే దానికి తగిలించి ఉన్న డిస్క్‌కూ తాళం వేసేస్తుంది.

పెన్‌డ్రైవ్‌ను మాత్రం నేను కాపీల లెక్కలో కలపను. ఇక్కడినుంచి అక్కడికి మోయడానికి అది చాలా బాగుంటుంది. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి పడి ఉంటే అందులోని డేటా నిలుస్తుందన్న భరోసా లేదు. పెళ్లి ఫొటోగ్రాఫర్ ఇచ్చిన పెన్‌డ్రైవ్‌ను పసుపు కుంకుమలతో పాటు లాకర్లో పెట్టి ఊరుకున్నవాళ్లు ముందు దాన్ని డిస్క్‌లోకి ఎక్కించుకోవాలి. పాతికేళ్లు ఉంటాయనుకుని దాచిన డీవీడీలదీ ఇదే సంగతి. వాటిని ఆడించే ప్లేయర్లే ఇళ్లలో కరువయ్యాయి.

చివరిగా, ఎక్కువ బాధ కలిగించేది ఒకటుంది. నాన్నగారు పోయాక ఆయన ఫోన్ ఆపేసి డబ్బాలో పెడతారు. పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. రెండేళ్లు ఎవరూ వాడని వ్యక్తిగత అకౌంట్లను గూగుల్ తీసేయవచ్చు. 2023 డిసెంబరు నుంచి ఆ విధానం అమలవుతోంది. ఆయన తీసిన ఫొటోలు, మాట్లాడిన వీడియోలు దాంతో పాటే పోతాయి. అకౌంట్ వాడకం ఆగిపోతే ఆ డేటా ఎవరికి అందాలో ముందే చెప్పిపెట్టే ఏర్పాటు, ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్, అదే అకౌంట్ సెట్టింగ్స్‌లో ఉంది. పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ల చేతే అందులో మీ పేరు పెట్టించండి. మీ డిస్కులు ఎక్కడున్నాయో, వాటిని తెరిచే పాస్‌వర్డ్ ఏమిటో ఒక కాగితం మీద రాసి ఇంటి పత్రాలుండే కవర్లో పెట్టండి. ఆ కవర్ ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి ఈ వారమే చెప్పండి.